చింత చెట్టు: చిగురు నుంచి గింజ దాకా

[దృశ్యం: చాటలో చింత చిగురు. రెండు అరచేతుల మధ్య దాన్ని నలుపుతున్న చేతులు, బాగా దగ్గరగా.]

వ్యాఖ్యానం:
చింత చిగురును కత్తిపీటతో తరగరు. కాసేపు నీడన ఆరబెట్టి, ఇలా రెండు అరచేతుల మధ్య నలుపుతారు. సన్నటి ఈనెలు విడిపోయి చేతిలో మిగులుతాయి, మెత్తని ఆకు చాటలోకి రాలుతుంది. పప్పులోకి, మాంసంలోకి, ఎండురొయ్యల్లోకి వెళ్లేది ఆ ఆకే. వేసవిలో కొద్ది వారాలు మాత్రమే దొరికే ఈ చిగురు బజారులో కనబడితే బేరమాడకుండా కొనేవాళ్లు చాలామంది.

నమస్కారం. ఈ రోజు చింత చెట్టు గురించి మాట్లాడుకుందాం. దాని పులుపు ఎక్కడిది, ఏ కాలంలో ఏమిస్తుంది, మందుగా దానికున్న పేరులో నిజమెంత? ఈ చివరి ప్రశ్న కోసమే ఈ వీడియో చేస్తున్నాం. ఎందుకంటే చింత గురించి ఫోన్లలో తిరుగుతున్న మాటల్లో మేలు చేసేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి.

[దృశ్యం: పొలం గట్టున పెద్ద చింత. తరువాత పువ్వు దగ్గరగా: లేత పసుపు రేకులు, వాటి మీద ఎర్రటి చారలు.]

వ్యాఖ్యానం:
మన వంటిల్లు చింతపండు లేకుండా నడవదు కానీ, ఈ చెట్టు పుట్టిల్లు ఉష్ణమండల ఆఫ్రికా. వేల ఏళ్ల కిందటే మన నేలకు వచ్చి ఇక్కడి చెట్టైపోయింది. శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా. చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా, తన ప్రజాతిలో ఇదొక్కటే జాతి. చీకటి పడగానే ఆకులు ముడుచుకుంటుంది, తెల్లవారితే విప్పుతుంది.

ఇక పులుపు. చింతలో ఉండే ప్రధానమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. మామిడి పండేకొద్దీ దాని పులుపు తగ్గిపోతుంది, లోపలి ఆమ్లాలు కరిగిపోతాయి. చింతలో అలా జరగదు. కాయ పండినా ఆమ్లం దాదాపు అంతే ఉంటుంది, చక్కెర మాత్రం పెరుగుతుంది. చింతపండుకు ఆ తీపి పులుపు రుచి అందుకే. చింత చచ్చినా పులుపు చావదనే సామెతను రసాయన శాస్త్రం కూడా కాదనదు.

[దృశ్యం: పొయ్యి మీద ఉడుకుతున్న కందిపప్పు. పక్కన గిన్నెలో నానబెట్టిన చింతపండు.]

పప్పు బాగా ఉడికాకే చింతపండు వేయాలని పెద్దవాళ్లు చెబుతారు. ముందే వేస్తే గింజ మెదగదు. పప్పు కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను ఆమ్లం తొందరగా కరగనివ్వదు, అందుకని గంటసేపు ఉడికించినా పలుకు మిగులుతుంది. ఇదే గుణం పులుసులో పనికొస్తుంది: బెండకాయ, సొరకాయ ముక్కలు చిదిమిపోకుండా నిలబడతాయి.

[దృశ్యం: పచ్చి చింతకాయలను గుడ్డతో తుడుస్తున్న చేతులు. రోలు, రోకలి. జాడీ.]

వ్యాఖ్యానం:
చిగురు అయ్యాక పువ్వు వస్తుంది, పువ్వుతో పచ్చడి చేస్తారు. ఆ తరువాత లేత కాయలు, పప్పులోకీ పులుసులోకీ. వర్షాలు వెనకబట్టి చలి మొదలయ్యే వేళకు కాయ నిండుతుంది. గింజ ఇంకా గట్టిపడని ఆ కాయే తొక్కు పచ్చడికి కావాలి. కాయలు కడిగి, చుక్క తడి లేకుండా తుడిచి ఆరబెట్టి, ఉప్పు, పసుపు వేసి దంచి జాడీకి ఎత్తుతారు. మూడో నాడు తీసి పీచూ గింజలూ ఏరేసి మళ్లీ దంచుతారు. ఇది ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. పాతబడేకొద్దీ రంగు నల్లబడుతుంది, పులుపు పదును తగ్గుతుంది. మాటల్లో పాత చింతకాయ పచ్చడి అంటే చులకనే కానీ, ఇళ్లలో దానికి గౌరవం ఎక్కువ. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్లకు, బాలింతలకు పథ్యంగా పెట్టేది ఆ పాత పచ్చడినే.

మాఘ ఫాల్గుణాలకు కాయ పండుతుంది. చెట్టెక్కి కొమ్మలు దులపడం, కాయలు ఎండబెట్టడం, పెంకు కొట్టడం, ఈనె లాగడం, గింజ తీయడం... ఈ పనిలో అధిక భాగం ఆడవాళ్లదే. ఇంత చేస్తే గాని ఉగాది పచ్చడికి కొత్త చింతపండు రాదు. రాయలసీమలో హిందూపురం మార్కెట్ దీనికి పెద్ద పేరు. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రకాలు విడదీసి వేర్వేరు ధరలు కడతారు. విశాఖ మన్యంలో గిరిజన కుటుంబాలు సేకరించిన చింతపండును 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. సంతలోనూ అమ్ముతారు. మనం కిలోకు ఇచ్చే ధర వెనుక ఇంతమంది చేతులున్నాయని గుర్తుంచుకోవాలి.

[దృశ్యం: కుండలో ఉడుకుతున్న చింతాకు, ఆవిరి. గుడ్డలో మూటకట్టి మడమ మీద కాపడం పెడుతున్నారు.]

వ్యాఖ్యానం:
ఇప్పుడు మందు సంగతి. బెణికితే, వాస్తే చింతాకు ఉడికించి కాపడం పెట్టడం మన పల్లెల్లో తరతరాల అలవాటు. వాపు తగ్గాక ఆ వేడి నొప్పికి కొంత ఉపశమనం ఇస్తుంది, కానీ బెణికిన తొలి రెండు రోజుల్లో వేడి పెడితే వాపు పెరగవచ్చు. ఎముక విరిగిందేమోనన్న అనుమానం ఉంటే మాత్రం కాపడంతో కాలయాపన చేయకండి, ఎక్స్‌రే తీయించండి. ఆయుర్వేదంలో పండిన గుజ్జుకు మలబద్ధకం తగ్గించే గుణం చెప్పారు. ఆమ్లాలు, పీచు కలిసిన గుజ్జు కాబట్టి అది నమ్మదగిన మాటే.

అన్నిటికన్నా మనకు దగ్గరి విషయం ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను, వంకరపోయిన కాళ్లను మనం చూశాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. 18 మంది బాలురకు 18 రోజుల పాటు రోజూ 10 గ్రాముల చింతపండు ఆహారంతో ఇచ్చారు. మూత్రం ద్వారా రోజుకు బయటికి పోయే ఫ్లోరైడ్ సుమారు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. ఆ 10 గ్రాములు ఏ మాత్రలోనివో కావు, భోజనంలో కలిసే చింతపండే. ఇది చిన్న అధ్యయనం. దెబ్బతిన్న ఎముకను చింతపండు బాగుచేస్తుందని ఇది చెప్పలేదు. మంచినీటి పథకానికి బదులు చారు తాగమనీ చెప్పలేదు. అయినా మన అమ్మమ్మల చారులో ఇంత విషయం ఉందని మన నగరంలోని ప్రయోగశాలే చూపించడం నాకు చాలా సంతోషాన్నిచ్చింది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. చింతపండుతో కలిపి తీసుకున్నప్పుడు యాస్పిరిన్, ఐబూప్రొఫెన్ మాత్రలు రక్తంలోకి ఎక్కువ మోతాదులో చేరినట్టు నైజీరియాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. చింతపండు రసాన్ని మందుగా రోజూ తాగాలనుకునేవారు, ఈ మాత్రలు వాడుతుంటే ముందుగా డాక్టరుకు చెప్పాలి. ఛాతీలో మంట ఉన్నవారు కూడా తగ్గించుకోవాలి. ఇక చింతగింజల పొడి తింటే మోకాలి గుజ్జు తిరిగి పెరుగుతుందన్న ప్రచారం: దానికి తగిన ఆధారం లేదు. ఆ ఆశతో నడవలేని పెద్దవాళ్లను నెలల తరబడి వైద్యానికి దూరం చేయడం అన్యాయం.

[దృశ్యం: చేర్యాల నకాషీ బొమ్మల పటం. చింతగింజల అంబలి పూస్తున్న గుడ్డ.]

వ్యాఖ్యానం:
గింజ విలువ వేరే చోట ఉంది. దాని పప్పులో నీళ్లు తగలగానే చిక్కబడే జిగురు పదార్థం ఉంటుంది. కళ్లు పొడిబారినప్పుడు వేసే కొన్ని చుక్కల మందుల్లో దాన్ని వాడుతున్నారు. చేర్యాల కళాకారులు గుడ్డకు గట్టిదనం రావడానికి ఉడికించిన చింతగింజల అంబలి పూస్తారు. కొండపల్లి బొమ్మల భాగాలను అతికే మక్కులో రంపపు పొట్టుతో పాటు ఈ గింజల పొడి ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో తొలి గీతలు గీసేది కాల్చిన చింతపుల్లల బొగ్గుతోనే.

[దృశ్యం: రోడ్డు విస్తరణలో నరికిన చింత మొద్దు.]

వ్యాఖ్యానం:
1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఒక చింత చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని హైదరాబాద్ చెప్పుకొంటుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును నగరం గుర్తుపెట్టుకుంది. ఊళ్ల రోడ్ల పక్కన ఉన్నవాటికి ఆ అదృష్టం లేదు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు పోయేవి అవే. నాలుగు తరాలు చిగురు కోసుకున్న చెట్టు ఒక్క పూటలో నేలకూలుతుంది.

గింజ నాటితే కాపుకు 8, 10 ఏళ్లు పడుతుంది. అంటు మొక్క అయితే 4, 5 ఏళ్లు చాలు. తొలకరి వానలకు నాటండి, ఇంటి పునాదికి దూరంగా, చుట్టూ పది మీటర్ల చోటు వదిలి. మొదటి రెండు వేసవులు నీళ్లు పోయండి, మేకలు అందుకోకుండా కంచె కట్టండి. వేరు లోతుకు దిగాక ఎండలను తానే తట్టుకుంటుంది.

మీ ఊళ్లో తాతల నాటి చింత ఇంకా నిలిచి ఉంటే, అది ఎక్కడుందో, దాని చిగురుతో మీ ఇంట్లో ఏం వండుతారో కింద రాయండి.