గోల్డ్ ఫిష్ మేత రివ్యూ: గింజ బంగారం, ప్యాకెట్ వెనక రాసిన కొలత మాత్రం చేపకి గండం

నమస్కారం అండీ, నెల్లూరు నుంచి. మాట మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. ఇది మామూలు గాజు గ్లాసు. ఆక్వేరియంలో నీళ్ళే పోశాను, 29 డిగ్రీలు ఉన్నాయి. ఇందులో పది గింజలు వేస్తున్నా. చూశారా, పదికి పది నేరుగా అడుక్కి పోయాయి. గ్లాసు ఇక్కడే కెమెరా పక్కన ఉంటుంది, మధ్య మధ్యలో చూస్తా ఉండండి.

ఈ ప్యాకెట్ కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపింది. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్ళకి చూపించలేదు. ప్రొటీన్ 38 శాతం, ఫ్యాట్ 5, ఫైబర్ 4, గింజ రెండున్నర మిల్లీమీటర్లు. ఇవన్నీ ప్యాకెట్ మీదే ఉన్నాయి, ఒక్కొక్కటీ వివరించను. ఒక్కటి మాత్రం చెప్తా. పదార్థాల లిస్టులో ముందున్నదే బరువులో ఎక్కువ ఉన్నట్టు. ఇందులో మొదట చేపల పొడి ఉంది, తర్వాత గోధుమపిండి. చాలా చవక ప్యాకెట్లలో ఇది తలకిందులుగా ఉంటుంది, అంటే మనం పిండి కొని చేపకి పెడుతున్నట్టు.

సరే, ఈ గింజలో నాకు బాగా నచ్చింది మునగడం. ఇందులో ఏముంది అనుకోవద్దు. గోల్డ్ ఫిష్ అడుగున ఇసుక నోట్లోకి తీసుకుని, తినేది ఉంచుకుని, మిగతాది ఉమ్మేసే జాతి. పైన తేలే మేత వేస్తే నీటి మీద నోరు పెట్టి గాలి కూడా గుటకలు గుటకలుగా మింగుతుంది. కామెట్ లాంటి పొడుగు రకం గోల్డ్ ఫిష్‌కి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఒరాండా, ర్యూకిన్, బ్లాక్ మూర్ లాంటి గుండ్రటి రకాలు అట్టా కాదు. గుండ్రంగా రావాలని తరాల తరబడి పెంచిన ఒళ్ళు అది, లోపల పేగూ, చేపని నీళ్ళలో నిలకడగా తేల్చే గాలితిత్తీ ఇరుక్కుని ఉంటాయి. మేత తిన్న అరగంటకి చేప పక్కకి ఒరగడం, తోక పైకి లేవడం ఎక్కువగా వీటిలోనే చూస్తాం. తేలే మేత మానేసి మునిగేది పెడితే చాలా చేపల్లో ఆ ఒరగడం తగ్గుతుంది. పుట్టుకతోనే గాలితిత్తి వంకరగా ఉన్న చేపకి మాత్రం ఏ మేతా మందు కాదు, అది తెలుసుకుని కొనండి.

తేలే మేతకి ఒక మంచి గుణం ఉంది, ఎంత మిగిలిందో పైనే కనిపిస్తుంది. మునిగేది రాళ్ళ సందులోకి పోయి కుళ్ళుతుంది. అందుకే దీన్ని ఒకే మూల, ఒక చిన్న గాజు ప్లేటు మీద పడేట్టు వేయండి. మన రొయ్యల చెరువుల్లో చెక్ ట్రే ఎందుకు వేస్తారో ఇదీ అందుకే. ఎంత తిన్నదీ ఎంత మిగిలిందీ ట్రే చెప్తుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన దగ్గరికి వస్తా. ప్యాకెట్ వెనక చూడండి. రోజుకి మూడు నాలుగు సార్లు, అయిదు నిమిషాల్లో తిన్నంత పెట్టమంటున్నారు. గోల్డ్ ఫిష్‌కి అయిదు నిమిషాలు ఇస్తే అయిదు నిమిషాలూ తింటుంది! దానికి జీర్ణాశయం లేదు. గొంతులో ఉన్న పళ్ళతో నలిపి నేరుగా పేగులోకే పంపుతుంది. కడుపు నిండింది, ఇక చాలు అని ఆగే చేప కాదు. మనిషి నీడ పడితే చాలు, అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరుస్తుంది. అది ఆకలి కాదు, అలవాటు. కొత్తగా పెంచేవాళ్ళు ఆ నోరు చూసి, ఈ వెనక రాసింది చదివి, నెలలోపే చేపని పోగొట్టుకుంటున్నారు.

కొలత ఎట్టా తెలుసుకోవాలో చూడండి. నగల కొట్లో వాడే లాంటి చిన్న డిజిటల్ కాటా తీసుకున్నా. ఒక్క గింజ తూగదు, కాబట్టి వంద లెక్కపెట్టి వేశా. 0.90 గ్రాములు. అంటే గింజకి 9 మిల్లీగ్రాములు. ఇక చేప బరువు. వంటింటి కాటా మీద డబ్బాలో ఆక్వేరియం నీళ్ళు పెట్టి సున్నా చేసి, తడి చేత్తో చేపని మెల్లగా అందులోకి దించితే వచ్చిందే బరువు. ఈ ఒరాండా 25 గ్రాములు. పెద్ద చేపకి రోజుకి ఒంటి బరువులో ఒక శాతం సరిపోతుంది. అంటే పావు గ్రాము, 28 గింజలు. పొద్దున 14, సాయంత్రం 14. అంతే! ఎదిగే పిల్ల చేపలకి రెండు మూడు శాతం దాకా పెట్టొచ్చు, కాకపోతే నాలుగైదు విడతలుగా. రోజూ తూచక్కర్లేదు, ఒకసారి లెక్క తేల్చుకుని, ఆ 14 గింజలు పట్టే చిన్న మూత ఒకటి వెతుక్కోండి.

ఎక్కువైతే ఏమవుతుందో రొయ్యలు పెంచే అన్నలకి నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. ఒక్క గ్రాము మేత ఎక్కువ పడింది, 38 శాతం ప్రొటీన్, చేప తినలేదు, కుళ్ళింది. దానిలో ఉన్న నైట్రోజన్ సుమారు 60 మిల్లీగ్రాములు. ఆక్వేరియంలో 60 లీటర్ల నీళ్ళు ఉంటే దాదాపు 1 పీపీఎం, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము అమోనియా. ఫిల్టర్ పాతదైతే అందులో బ్యాక్టీరియా దీన్ని తినేస్తుంది. కొత్త ఆక్వేరియంలో తినేవాళ్ళెవరూ ఉండరు. ఇంకొకటి, పీహెచ్ 8 ఉన్న నీళ్ళలో 20 డిగ్రీల దగ్గర ఆ అమోనియాలో విషంగా ఉండేది 4 శాతం లోపే. అదే 30 డిగ్రీలకి వస్తే 7 శాతం దాటుతుంది. మన ఊళ్ళో ఎండాకాలం ఆక్వేరియం నీళ్ళు 30 దాటకుండా ఉండే ఇల్లు ఏది చెప్పండి. పైగా అంత వేడి నీళ్ళలో ఆక్సిజన్ కూడా తక్కువ, 20 డిగ్రీలప్పుడు లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీలకి ఏడున్నరే పడుతుంది. చలిదేశం ఆక్వేరియంని చూసి రాసిన కొలత నెల్లూరు మే నెలకి ఎట్టా సరిపోతుంది? రోహిణి కార్తెలో మేత ఇంకా తగ్గించండి, తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు పెట్టండి, ఎయిర్ పంప్ ఆపొద్దు.

ఇంకో కోపం. దీన్ని కిలో ప్యాకెట్లో కూడా అమ్ముతున్నారు, ఆఫర్ పెట్టి మరీ. లెక్క వేయండి. 25 గ్రాముల చేపలు రెండు, రోజుకి అర గ్రాము. కిలో అయిపోవడానికి రెండు వేల రోజులు, అయిదేళ్ళ పైన! ప్యాకెట్ తెరిచిన రోజు నుంచే చేప నూనె గాలికి మక్కడం, విటమిన్ సి పోవడం మొదలవుతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్ళు మనవి, ఒంగోలు కానీ కావలి కానీ, నాలుగు రోజులు మూత సరిగ్గా పడకపోతే గింజ చెమ్మ పడుతుంది, బూజు కనపడక ముందే పాడవుతుంది. ఈ జిప్ చూడండి. మూడో వారానికే ఈ మూల పట్టు వదిలేసింది, గింజ పొడి గాడిలోకి పోయి ఇరుక్కుంది. చేపల మేత ప్యాకెట్‌కి జిప్ కన్నా ముఖ్యమైంది ఏముంది, అక్కడే పొదుపు చేస్తే ఎట్టా?

వంద గ్రాముల ప్యాకెట్ తీసుకోండి, తయారీ తేదీ చూసి. ఇంటికి రాగానే నాలుగు చిన్న గాజు సీసాల్లోకి సర్దేయండి. ఒకటి బయట చల్లటి చోట, మూడు ఫ్రీజర్‌లో. ఫ్రీజర్‌లో నుంచి తీసిన సీసా బయటి వేడికి సర్దుకునే దాకా, అంటే గంటసేపు, మూత తీయొద్దు. తీస్తే చల్లటి గింజల మీద చెమ్మ పట్టి అన్నీ అతుక్కుపోతాయి. మక్కిన నూనె వాసన, ఆరిపోయిన పెయింట్ వాసన లాంటిది, వచ్చిందంటే పారబోయండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇందుకూరుపేట, ముత్తుకూరు, సింగరాయకొండ వైపు చాలామంది రొయ్యల మేత తెచ్చి గోల్డ్ ఫిష్‌కి వేస్తున్నారు, చవకని. అది విషమేమీ కాదు. కానీ రొయ్య చేతుల్లో పట్టుకుని కొరుక్కు తింటుంది, దానికోసం గంటల తరబడి నీళ్ళలో విడిపోకుండా గట్టి బైండర్, అంటే అంటించి పట్టి ఉంచే పదార్థం, వేసి చేస్తారు. గోల్డ్ ఫిష్ గింజంతా ఒక్క గుక్కలో మింగేస్తుంది, దానికి ఆ గట్టితనం అక్కర్లేదు. పైగా చెరువు కాడ ఆ మేతకి మినరల్సూ, ప్రోబయాటిక్సూ, ఒక్కోసారి మందులూ కలుపుతారు. మిగిలిన బస్తా అడుగు మేతలో ఏం కలిసిందో మీకు తెలియదు. ఇంట్లో చేపకి అది వద్దు.

అన్నం మెతుకులు, బ్రెడ్డు, బొరుగులు కూడా వద్దు. గుడి కోనేట్లో బొరుగులు వేస్తే తినే చేపలు పెద్ద పెద్దవి, కోనేరు కూడా పెద్దది. 60 లీటర్ల ఆక్వేరియంలో ఆ పిండంతా తెల్లారేసరికి నీళ్ళని పాలలా చేస్తుంది.

గింజ ఎంత మంచిదైనా వారమంతా అదే పెట్టకండి. వారంలో నాలుగు రోజులు గింజ చాలు. ఒక రోజు ఒక్కపొద్దు, అసలేమీ పెట్టొద్దు. మిగిలిన రెండు రోజులు ఆకూ కూరా. పచ్చిబఠాణీ రెండు నిమిషాలు ఉప్పు లేకుండా ఉడికించి, తొక్క తీసి, పప్పుని చేప నోట్లో పట్టేంత చిదిపి వేయండి. చేపకి ఒక బఠాణీ చాలు. తోటకూర, పాలకూర అయితే పురుగుమందు పోయేట్టు బాగా కడిగి, వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి, స్టీలు స్పూను కట్టి అడుక్కి దించండి. కీర దోస ముక్క కూడా అట్టానే. మన వేడికి రెండు గంటల్లో మిగిలింది తీసేయాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇంట్లో చేసే జెల్లీ మేత. చాలామంది జెలటిన్‌తో చేసి, ఆక్వేరియంలో వేయగానే కరిగి నీళ్ళు బురదయ్యాయని వదిలేస్తారు. తప్పు వాళ్ళది కాదు. జెలటిన్ 30 డిగ్రీలు దాటితే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది, మన నీళ్ళే అంత వేడి. అగర్ వాడండి, కిరాణా కొట్లో చైనా గ్రాస్ అంటారు. అది గట్టిపడ్డాక మళ్ళీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. ఉడికించి తొక్క తీసిన బఠాణీ 100 గ్రాములు, పాలకూర 50, క్యారెట్ 50, ఉప్పూ నూనే లేకుండా ఆవిరి మీద ఉడికించి ముల్లు తీసిన చేప 100 గ్రాములు మెత్తగా రుబ్బుకోండి. విడిగా 250 ఎంఎల్ నీళ్ళలో 4 గ్రాముల అగర్ పొడి వేసి, తెర్లాక ఇంకో మూడు నిమిషాలు మరగనివ్వాలి. మరగకపోతే అది కరగదు, ఇసుకలా మిగులుతుంది. ఇక్కడే ఎక్కువమందికి చెడేది. రుబ్బింది ఫ్రిజ్‌లోది చల్లగా ఉంటే, అగర్ తగలగానే ఉండలు కడుతుంది. రుబ్బింది గోరువెచ్చగా చేసి, స్టవ్ దించిన అగర్‌లో కలిపి, వెంటనే ప్లేట్లో అర సెంటీమీటరు మందాన పోసేయండి. ఇరవై నిమిషాల్లో ఇదిగో, ఇట్టా కత్తితో కోస్తే అంచు నిలుస్తుంది. ముక్కలు ఫ్రీజర్‌లో నెల దాకా పెట్టుకోండి. ఆకు పెట్టే రెండు రోజుల్లో ఒక రోజు ఇది వేయండి, చేపకి గోటి సైజు ముక్క. ఉడికించడంలో విటమిన్లు కొన్ని పోతాయి కాబట్టి గింజ మానేసి ఇదొక్కటే పెట్టొద్దు.

పురుగు మేత సంగతి క్లుప్తంగా. ఫ్రీజ్ చేసిన బ్లడ్ వార్మ్ వారానికి ఒకసారి, రెండు చేపలకి అర క్యూబు, ఆ పూట గింజ మాని. టీ జాలిలో వేసి కరగనిచ్చి ఆ ఎర్రనీళ్ళు పారబోసి వేయండి. ఎండువి అయితే ఆ పొడి కొందరికి పడదు, తుమ్ములు, కళ్ళు ఎర్రబడటం వస్తాయి, చేత్తో ముట్టొద్దు. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం నేను చెప్పను. అవి పెరిగేది మురుగు కాలవల్లో, రోగం ఇంటికి తెచ్చుకున్నట్టే.

ఇంకొకటి మన జిల్లాలకి ముఖ్యం. నవంబరులో వాయుగుండం పట్టి కరెంటు పోయిందంటే మేత ఆపేయండి. పంపు లేని నీళ్ళలో తిన్నది అరగడానికి కూడా ఆక్సిజన్ కావాలి. ఎదిగిన గోల్డ్ ఫిష్ వారం రోజులు తిండి లేకుండా ఇబ్బంది లేకుండా ఉంటుంది. పండక్కి ఊరెళ్ళినా అంతే. నీళ్ళలో కరుగుతా ఉండే ఆ తెల్ల మేత బిళ్ళలు వేసి పోకండి.

ఇప్పుడు గ్లాసు చూద్దాం. అరగంట అయింది. నీళ్ళు చూడండి, రంగు దిగలేదు, అడుగున పొడి లేదు. పది గింజలూ ఉబ్బాయి, పక్కన పొడి గింజ పెడితే తేడా కనిపిస్తుంది, దాదాపు ఒకటిన్నర రెట్లు. అంటే వేసే ముందు ఒక నిమిషం ఆక్వేరియం నీళ్ళలో నానబెడితే మంచిది, ఆ ఉబ్బేదేదో చేప లోపల కాకుండా బయటే ఉబ్బుతుంది. వేలితో నొక్కుతున్నా. లోపలి దాకా మెత్తబడింది, అయినా చిట్లలేదు. ఈ ధరలో ఇట్టా నిలిచే గింజ నేను చూడలేదు. కిలోది వద్దు, వంద గ్రాములది కొనండి, ప్యాకెట్ వెనక కొలత మీద ఇదిగో ఈ మార్కర్‌తో గీత కొట్టి, పక్కన మీ చేప లెక్క రాసుకోండి. నా ప్యాకెట్ మీద రాశా: పొద్దున 14, సాయంత్రం 14, శనివారం ఒక్కపొద్దు.