ఎప్పుడు రమ్మంటారు?

శ్రోతలకు నమస్కారం.

మా పక్క మండలంలో చెరువు కింద ఒక పల్లె ఉంది. ఊరి పేరు చెప్పను. పోయిన నెల ఆ ఊరి కుర్రాళ్లు నలుగురు ఫైలొకటి పట్టుకుని మా ఇంటికొచ్చారు. "అన్నా, మా ఊరికి పర్యావరణ పర్యాటకం ప్లాను వేసిచ్చినారు. బాగుందో లేదో చూసి చెప్పు" అన్నారు.

చూశాను. చెరువు గట్టున కుటీరాలు, బోటు, పార్కింగు, ఊరి ఆడవాళ్లకు వంటపని. ఏడాదికి ఎంతమంది వస్తారు, ఊరికెంత మిగులుతుంది, అన్నీ రాశారు. ఒక్కటి రాయలేదు. ఎప్పుడు?

ఈ 'ఎప్పుడు' అనే మాట నాకు నేలపట్టు నేర్పింది.

మన తిరుపతి జిల్లాలోనే, దొరవారిసత్రం దగ్గరుంది నేలపట్టు. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండుతుంది. నీళ్లలో నిలబడి ఉండే కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఒకసారి పొద్దున్నే వెళ్లాను. తల్లి గూడబాతు గూటి మీద వాలింది. పిల్ల దాని నోట్లోకి తల దూర్చేసింది. మెడ దాకా లోపలే! గొంతు సంచిలో తెచ్చిన చేపల కోసం ఆ తొందర. చెట్టు కింద నీళ్ల మీద రెట్టలు తెల్లగా తేలుతున్నాయి.

ఆ తెల్లటి నీళ్లేనండీ అసలు సంగతి. ఆ నీళ్లు పొలానికి పారితే ఎరువు. ఇది ఆ చుట్టుపక్కల రైతులకు ఎప్పటినుంచో తెలుసు. టిక్కెట్టు కొని చూసేవాళ్లు రాకముందే పక్షికీ పల్లెకూ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. గట్టు మీద గడ్డి మోపు దించుకున్న ఒక పెద్దావిడ నాతో అంది: "అవి కానుపుకు పుట్టింటికొచ్చిన బిడ్డలు నాయనా. బాలింత ఉన్న ఇంట్లో మైకు పెడతామా?"

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. బాలింత ఉన్న ఇంట్లో మైకు పెడతామా? బోటు దగ్గరికొస్తే తల్లి బెదిరి లేస్తుంది. తల్లి లేస్తే కాకులు గుడ్ల మీద పడతాయి.

మళ్లీ మన కుర్రాళ్ల ఫైలు దగ్గరికొద్దాం. వాళ్ల చెరువు మీదా కొంగలు గూళ్లు పెడతాయి. నేను ఫైలు చివరి అట్ట తిప్పి, దాని మీద పన్నెండు గళ్లు గీశాను. కార్తీకంతో మొదలుపెట్టమన్నాను, చెరువు నిండేది అప్పుడే కాబట్టి. ఒక్కో గడిలో నాలుగు సంగతులు రాయండి అన్నాను. చెరువులో నీళ్లెంత? గూళ్లలో ఏముంది? పొలంలో పనేంటి? జనం వచ్చే సెలవులేవి?

రాస్తుంటే వాళ్లకే తెలిసిపోయింది. ప్లాను ప్రకారం జనమంతా వచ్చేది డిసెంబరు, జనవరుల్లో. గూళ్లలో గుడ్లు, పిల్లలు ఉండేదీ అప్పుడే. వంటపని ఇస్తామన్న ఆడవాళ్లు నాట్లలో నడుం వంచి ఉండేదీ అప్పుడే. ఇక ఎండాకాలం గళ్లలో చెరువు నెర్రెలిచ్చి ఉంటుంది, కుటీరాలు ఖాళీ, వాటికి తెచ్చే అప్పు వాయిదా మాత్రం ఆగదు.

తలకోనదీ అంతే కదా. 270 అడుగుల జలపాతం వానలకు ఒకలా, ఎండలకు ఒకలా. అక్కడ పక్క ఊరు నెరబైలు వాళ్ల వన సంరక్షణ సమితి చేతుల మీదుగా పర్యాటకం నడిచిందంటే నాకు సంతోషం. ఏ నెలలో అడవి ఎట్లుంటుందో పక్క ఊరివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అందుకే, మీ ఊరికి ఇలాంటి ప్లాను వస్తే ఎంత లాభమని తర్వాత అడగండి. ముందు ఎప్పుడని అడగండి. ఆ పన్నెండు గళ్లూ ఆఫీసులో కాదు, రచ్చబండ దగ్గర నింపండి. ఆడవాళ్లను తప్పకుండా కూర్చోబెట్టండి.

మొన్న ఆ కుర్రాళ్లు మళ్లీ వచ్చారు. గళ్లన్నీ నిండాయి. ఫాల్గుణం గడిలో ఒక అవ్వ చెప్పిన మాట అలాగే రాసుకొచ్చారు: "నాట్లూ కలుపులూ అయిపోయుంటాయి, కోతలింకా రావు, మా చేతిలో పనుండదు. కొంగపిల్లలకు రెక్కలొచ్చుంటాయి. చెరువులో ఇంకా నీళ్లుంటాయి. అప్పుడు రమ్మనండి."

కుటీరాల లెక్క ఇప్పుడు ఆ గడి నుంచి మళ్లీ వేస్తున్నారు. నమస్కారం.