పారిస్‌లో ఒక హైదరాబాదీ

శ్రోతలకు నమస్కారం.

ప్రవక్త ముహమ్మద్ మాటలను, చేతలను చెప్పే ఉల్లేఖనాలను హదీసులంటారు. వాటి మీద ఒక పాత తగాదా ఉంది. ప్రవక్త 632లో కన్నుమూశారు. బుఖారీ వంటి పెద్ద సంకలనకర్తలేమో తొమ్మిదో శతాబ్దం వాళ్లు. రెండొందల ఏళ్లు నోటిమాటగా నడిచిన సంగతి ఎంత మారిందో ఎవరికెరుక అని యూరప్ పండితులు కొందరు అడిగేవారు. అడగాల్సిన ప్రశ్నే.

దానికి జవాబు వెతికినవారిలో మన హైదరాబాదులో 1908లో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా ఒకరు. ఉస్మానియాలో చదువుకుని, బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లో ఇంకొకటి పుచ్చుకుని వచ్చి, మళ్లీ ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం చెప్పారు.

ప్రవక్త సహచరుడు అబూ హురైరాకు హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ అని ఒక శిష్యుడు. గురువు చెప్పిన హదీసులు, ఓ నూట ముప్పై పైచిలుకు, ఒక చిన్న పుస్తకంగా ఉండేవి. దాని రాతప్రతి ఒకటి బెర్లిన్‌లో, ఇంకొకటి డమాస్కస్‌లో బయటపడ్డాయి. హమీదుల్లా ఆ రెంటినీ దగ్గర పెట్టుకుని, తొమ్మిదో శతాబ్దపు పండితుడు అహ్మద్ ఇబ్న్ హంబల్ సంకలనంలో హమ్మామ్ పేరు మీద ఉన్న హదీసులతో వరసగా సరిచూశారు. అక్కడక్కడ ఒక పదం అటూ ఇటూ, అంతే. భావం మారలేదు. 1953లో అచ్చువేశారు. దొరికినవి కూడా తర్వాతి కాలపు నకళ్లే కాబట్టి తగాదా అక్కడితో తెగలేదనుకోండి. కానీ 'మొదట్లో రాత అన్నదే లేదు' అనే వాదన మాత్రం బాగా బలహీనపడింది.

ఇదంతా జరిగేనాటికి ఆయనకు దేశం లేదు. 1948 సెప్టెంబరులో నిజాం తరఫున, భారత్ మీద ఫిర్యాదుతో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఆయనా ఉన్నారు. భద్రతా మండలి పారిస్‌లో 16న ఆ కేసు విన్నది. మర్నాడే నిజాం లొంగిపోయాడు. ఆ రాజకీయం మనకు నచ్చాలనేం లేదు. ఆయన మాత్రం వెనక్కి రాలేదు, ఫ్రాన్స్ పౌరసత్వమూ తీసుకోలేదు. శరణార్థి కాగితాలతోనే దశాబ్దాలు గడిపారు. అక్కడి జాతీయ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1959లో ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చారు. పెళ్లి చేసుకోలేదు. 2002లో అమెరికాలో పోయారు.

1980లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ విశ్వవిద్యాలయం పిలిస్తే వెళ్లి, పన్నెండు ఉపన్యాసాలిచ్చారు. రాసుకొచ్చి చదివినవి కావు. ఉర్దూలో ఆశువుగా చెప్పుకుపోయారు, అయ్యాక సభలోవాళ్ల ప్రశ్నలకు జవాబులూ ఇచ్చారు. టేపుల మీదికెక్కిన ఆ మాటలే తర్వాత పుస్తకమయ్యాయి.