ప్రార్థనను నేరం చేసిన చట్టం: ట్రినిడాడ్, 1917

నమస్కారం అండీ. ఈసారి రివ్యూ ఒక చట్టానికి. బ్రిటిష్ పాలకులు 1917 నవంబరులో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో తెచ్చిన షౌటర్ల నిషేధ ఆర్డినెన్స్. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వారసులు, బైబిల్‌నీ ఆఫ్రికా పూజా పద్ధతులనీ కలిపి నడుపుకున్న స్పిరిచ్యువల్ బాప్టిస్టు మతం మీద పెట్టిన చట్టం ఇది. చట్టం షౌటర్లు (కేకలేసేవాళ్లు) అన్నది వీళ్లనే.

పైకి చెప్పిన కారణం గోల. గోలే ఇబ్బందయితే ఫలానా టైము తర్వాత గంట కొట్టొద్దంటే సరిపోయేది కదా? నిర్వచనం చూడండి: ఇద్దరు కలిస్తే చాలు, ఇంట్లోనైనా ఆరుబయటైనా, అది మీటింగే. అక్కడ షౌటర్ల ఆచారాలు జరిగితే నేరం. ఏవి ఆ ఆచారాలు? మేజిస్ట్రేటు ఏవంటే అవి, ఆయన మాటే ఆఖరు. మేం షౌటర్లం కాదు, మా పేరు వేరు అన్నా చెల్లదు. నా దృష్టిలో ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం ఈ చట్టంలో లేదు.

దాంతో కోర్టుల్లో ఇవే సాక్ష్యాలయ్యాయి: తలకు తెల్లగుడ్డ, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి, పూలు, మధ్యమధ్యలో గంట, నేల మీద సుద్దతో గీసిన గుర్తులు, ఒళ్లు ఊగిపోవడం. (వాళ్ల పూజలో మన ఇత్తడి లోటా కూడా ఉంటుంది, కూలీలుగా వెళ్లిన భారతీయుల నుంచి చేరింది.)

పోలీసులకు వారంటు అక్కర్లేదు. బృందంలో ఒక ఆఫీసరుండి, ఆయనకు గట్టి అనుమానముంటే పగలైనా రాత్రయినా లోపలికొచ్చి పేర్లు, అడ్రసులు రాసుకోవచ్చు. జరిమానా 50 పౌండ్ల దాకా. స్థలమిచ్చిన యజమాని మీదా కేసే. ఇక పోలీసులు రాకముందే ఖాళీ చేయమనేది ఆయనే!

మౌర్నింగ్ దీక్షనూ వదల్లేదు. కళ్లకు గుడ్డ కట్టుకుని, గదిలో నేల మీద పడుకుని, రోజుల తరబడి ఉపవాసంతో ప్రార్థన చేస్తారు. మతంలో ఎవరికి ఏ బాధ్యతో తేలేది అక్కడే. దీక్ష కోసం మనిషిని గదిలో ఉంచడాన్నే నేరమన్నారు. దీక్ష ఆగితే తర్వాతి తరానికి గురువులెక్కడి నుంచి వస్తారు?

జమైకాలో 1760లో టాకీ అనే బానిస నడిపిన తిరుగుబాటు తర్వాత వచ్చిన చట్టం ఇంకా క్రూరం, ఓబియాకు (ఆఫ్రికా మూలాలున్న మంత్రతంత్రాలకు) మరణశిక్ష దాకా ఉంది. కానీ అందులో ఏ వస్తువులు వాడితే నేరమో ఈకలు, గుడ్డు పెంకులు, సమాధి మట్టి అని జాబితా రాశారు. ట్రినిడాడ్ చట్టంలో అదీ లేదు. ఏం మానుకుంటే బయటపడతామో భక్తులకే తెలీదు.

గ్రెనడా నుంచి వచ్చిన ఎల్టన్ గ్రిఫిత్ ముందుండి నడిపిన పోరాటంతో 1951 మార్చి 30న చట్టం రద్దయింది. 1996 నుంచి ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు. ఆర్డినెన్స్ చదవాలనుకుంటే శిక్షల దగ్గర కాదు, నిర్వచనాల సెక్షన్‌ దగ్గర మొదలుపెట్టండి.