రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ మనది కాదు

(తెరపై: సగం పూర్తయిన పెళ్లిపత్రిక డిజైన్. దాని మీద ‘లైసెన్స్ గడువు ముగిసింది’ అనే పెట్టె.)

నమస్కారం. నేను హనుమకొండలో డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పుతాను. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు, ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికల దుకాణాలు నడిపే మిత్రులు తరచూ అనే ఒక మాట నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. “సార్, రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక సాఫ్ట్‌వేర్ మనదే కదా” అంటారు. ఈ వీడియో ఆ ఒక్క మాట గురించే.

ఈ అపోహ మన దగ్గర ఆ పదానికి ఉన్న అర్థంలోంచే పుట్టింది. వరంగల్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా రిజిస్ట్రేషన్ అనగానే తహసీల్దార్ ఆఫీసు, సర్వే నంబరు, పట్టాదారు పాసుపుస్తకం గుర్తుకొస్తాయి. భూమి రిజిస్ట్రేషన్ అయిందంటే అది మన పేరు మీదికి వచ్చినట్టే. అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మనకు దక్కేది పట్టా కాదు, కౌలు. పొలం ఎప్పటికీ కంపెనీదే, దున్నుకునే హక్కు మాత్రం మనది. ఆ కౌలు కాగితం పేరే లైసెన్స్. రిజిస్ట్రేషన్ అంటే కౌలుదారుగా మన పేరు, మెయిల్ ఐడీ యజమాని పుస్తకంలో రాయించుకోవడం, అంతే. పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ పని చేయకపోయినా నడిచేవి.

యాక్టివేషన్ సంగతి వేరు. అది పొలానికి హద్దురాళ్లు పాతడం లాంటిది. సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చిన సీరియల్ నంబర్ మీరు కొట్టగానే సాఫ్ట్‌వేర్ మీ సిస్టంలోని హార్డ్ డిస్క్, మదర్‌బోర్డ్, నెట్‌వర్క్ కార్డ్ వంటి వాటి గుర్తులను తీసుకుని, లెక్క కట్టి, వాటన్నిటికీ కలిపి ఒక చిన్న సంఖ్యను తయారుచేస్తుంది. మీ సిస్టంకు సర్వే నంబరు అదే. సీరియల్ నంబర్‌తో పాటు అది కంపెనీ సర్వర్‌కు వెళితే, ఈ కౌలు కాగితం మీద ఇప్పటికే ఎన్ని సిస్టంలు నడుస్తున్నాయో సర్వర్ చూసుకుని, పరిమితి దాటకపోతే తన ముద్ర వేసిన జవాబు పంపుతుంది. ఆ ముద్ర అసలుదో కాదో మీ సిస్టంలోని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టగలదు గానీ, అలాంటి ముద్రను తానుగా తయారుచేయలేదు. ఈ పద్ధతి ఎంత తెలివైనదో విద్యార్థులకు చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే అనిపిస్తుంది.

ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందు ఈ కాపలా పని ఒక వస్తువు చేసేది. ప్లాన్లు గీయడానికి 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌కు ఆ దశాబ్దంలోనే కొంతకాలం డాంగిల్ అనే చిన్న పరికరం ఉండేది. సిస్టం వెనుక దాన్ని తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, పీకితే ఆగిపోతుంది. పొలం దగ్గర మోటారు స్టార్టర్ పెట్టెకు వేసిన తాళం లాంటిదన్నమాట. తరువాత 2001లో ఆఫీస్ ఎక్స్‌పీ, విండోస్ ఎక్స్‌పీలతో ఇంటర్నెట్ యాక్టివేషన్ అందరికీ తెలిసింది. 2003లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్‌తో మన డిజైన్ రంగంలోకీ అడుగుపెట్టింది.

హద్దురాళ్లను లెక్క చూసే కచేరీయే మూతపడితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. నిజంగానే అలా జరిగింది. ఫోటోషాప్ కంపెనీ అడోబీ 2012 డిసెంబర్‌లో, ఫోటోషాప్ కూడా ఉన్న క్రియేటివ్ సూట్ 2 అనే సాఫ్ట్‌వేర్ల కట్టకు యాక్టివేషన్ సర్వర్లను ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవారు సిస్టం మార్చినా మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగలగాలి కాబట్టి, యాక్టివేషన్ అవసరంలేని కాపీని, దాని సీరియల్ నంబర్‌ను తన సైట్‌లోనే పెట్టింది. 2013 జనవరి మొదట్లో అది చూసిన జనం ఫోటోషాప్ ఉచితమైపోయిందని ప్రచారం చేశారు. అది పాత కౌలుదారుల కోసమేనని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. గేటు తెరిచి ఉన్నంత మాత్రాన పొలం ఊరుమ్మడిది అయిపోదు.

ఇక క్రాక్ దగ్గరికి, అంటే డబ్బు కట్టకుండా ఈ కాపలాను తప్పించే దొంగ దారి దగ్గరికి వద్దాం. పాత సాఫ్ట్‌వేర్లు సీరియల్ నంబర్ సరైనదో కాదో సిస్టంలోనే ఒక లెక్క వేసి చూసుకునేవి. ఆ లెక్క కనిపెట్టినవాడు లెక్కకు సరిపోయే నంబర్లను ఎన్నైనా పుట్టించగలడు. కీజెన్ చేసే పని అదే, అంటే దొంగ పాసుపుస్తకాల అచ్చుయంత్రం. సర్వర్ ముద్ర వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. అందుకే ఇప్పటి క్రాక్‌లు సాఫ్ట్‌వేర్ ఫైల్‌లోకే దూరి, తనిఖీ జరిగే చోటును తీసేస్తాయి, లేదా సర్వర్‌కు వెళ్లే దారిని సిస్టంలోనే మూసేస్తాయి. ఇంకొకరి ప్రోగ్రాంను మార్చే ఏ ఫైల్‌నైనా యాంటీవైరస్ అనుమానిస్తుంది కాబట్టి, ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని క్రాక్‌తో పాటు ఒక సూచన ఉంటుంది. నన్ను భయపెట్టేది ఆ ఒక్క వాక్యమే. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెప్పాడని మనమే కాపలా కుక్కను కట్టేసి తలుపు తీస్తున్నాం.

(తెరపై: ఫైళ్ల జాబితా. ప్రతి పేరు చివర అర్థంలేని నాలుగు అక్షరాలు.)

మేడారం జాతర ముందు, ఫ్లెక్సీల పని ఊపిరాడనంతగా ఉన్న రోజుల్లో, ఒక మిత్రుడి దుకాణంలో ఈ దృశ్యాన్ని నేను కళ్లారా చూశాను. సమ్మక్క సారలమ్మ స్వాగత ఫ్లెక్సీలు, ఏళ్ల తరబడి దాచుకున్న పెళ్లిపత్రికల ఫైళ్లు, ఏవీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అనే చిన్న కాగితం ఉంది: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపైతే 490 చాలు. క్రాక్‌లు, కీజెన్‌ల వెంట వచ్చే స్టాప్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్, చాలాకాలం అడిగిన మొత్తం అదే. దాని పాత రకాలు చాలావాటికి 2019 అక్టోబర్‌లో ఉచిత విరుగుడు వచ్చింది గానీ, ఆ సిస్టంలోకి చేరిన రకానికి అది పనిచేయలేదు. ఆయన డబ్బు కట్టలేదు. కస్టమర్ల వాట్సాప్‌కు పంపిన నమూనా బొమ్మలను ముందు పెట్టుకుని, తెల్లవార్లూ కూర్చుని ఒక్కొక్కటే మళ్లీ గీశాడు.

చట్టం గురించి కూడా చెప్పాలి. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. వ్యాపార లాభానికి కాకుండా వాడిన సందర్భంలో కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. దుకాణం నడిపేవారికి ఆ వెసులుబాటు వర్తించదు. అదే చట్టం, న్యాయంగా కొన్న ప్రోగ్రాంకు పోకుండా పాడవకుండా ఒక కాపీ తీసి దాచుకునే హక్కును మనకు ఇచ్చింది.

కంపెనీలను నేను సమర్థించడం లేదు. అడోబీ 2013 మేలో కొత్త వెర్షన్లన్నీ చందాకే అని ప్రకటించింది. ఆటోడెస్క్ 2016 జనవరి 31 తరువాత ఆటోక్యాడ్ శాశ్వత లైసెన్స్‌లు కొత్తగా అమ్మడం మానేసింది. ఒకసారి కడితే ఉన్నంతకాలం దున్నుకునే కౌలు పోయి, ఏటేటా కట్టే కౌలు మిగిలింది. పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిన డబ్బుతో ఏడాదంతా నెట్టుకొచ్చే దుకాణానికి ఇది నిజమైన భారం. పైగా తనిఖీల ఇబ్బంది అంతా డబ్బు కట్టినవారికే ఎదురవుతుంది. ఇది అన్యాయమనే నేను నమ్ముతున్నాను.

సమయం దగ్గరపడింది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. చందా సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ నెట్‌లో ఉండనవసరం లేదు. ఆటోక్యాడ్‌కైతే 30 రోజులకు ఒకసారి నెట్ తగిలితే చాలు. విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగా ఇస్తుంది గానీ, దానితో వ్యాపారపు పని చేయకూడదు. లోగోలు, పత్రికల పనికి ఇంక్‌స్కేప్, ఫోటోలకు గింప్, పుస్తకాల పేజీలకు స్క్రైబస్ ఉన్నాయి. మూడూ ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వీటిలోకి మారేటప్పుడు తెలుగును యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే అక్షరాల పద్ధతిలోకి మార్చుకోవాలి, ఎందుకంటే ఆ పద్ధతిలో లేని అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను, అంటే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోని మేటర్‌ను, నేరుగా అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. సిస్టం ఫార్మాట్ కొట్టే ముందు సాఫ్ట్‌వేర్‌లో సైన్ అవుట్ చేయండి, పాత రకమైతే డీయాక్టివేట్ నొక్కండి. లేకపోతే కంపెనీ లెక్కలో ఆ పాత సిస్టం మీ పేరు మీదే ఉండిపోయి, కొత్త సిస్టంలో చోటు దొరకదు.