ఏ మంచు తగ్గింది, ఏ మంచు పెరిగింది?

శ్రోతలకు నమస్కారం.

"అంటార్కిటికాలో మంచు పెరిగిందంట, ఇన్నాళ్లూ ఊరికే భయపెట్టారు" అని ఒక ఫార్వర్డ్ వస్తుంది. మర్నాడే "అంటార్కిటికా మంచు రికార్డు స్థాయిలో పడిపోయింది" అని ఇంకొకటి. మన చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండూ తిరుగుతూనే ఉంటాయి. ఏది నమ్మాలో తెలియక చాలామంది రెండింటినీ పక్కన పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే 2023లో మంచు పెరిగిందన్నదీ, పడిపోయిందన్నదీ రెండూ నిజమే.

అదెలాగంటే, అక్కడున్న మంచు ఒక రకం కాదు. సముద్రపు నీరే పైపైన గడ్డకట్టి తేలుతూ ఉండేది ఒకటి. చలికాలంలో పరుచుకుంటుంది, ఎండాకాలంలో చాలావరకు పోతుంది, మందం మహా అయితే కొన్ని మీటర్లు. రెండోది నేల మీద ఉన్న మంచు. వేల ఏళ్లుగా కురిసి, ఒకదాని బరువుకు ఒకటి అణిగి గట్టిపడి, గ్రీన్‌లాండ్‌లోనూ అంటార్కిటికాలోనూ కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లకు పైగా మందం పేరుకుంది.

సముద్రమట్టానికి ఈ రెండింటికీ ఉన్న సంబంధం వేరు. కాసిమేడు రేవులో నీళ్ల మీద తేలుతున్న పడవలు తమకు కావలసిన చోటు ఎప్పుడో తీసేసుకున్నాయి, వాటివల్ల నీరు ఇంకా పైకి రాదు. ఒడ్డున ఉన్న పడవను నీళ్లలోకి దింపితేనే కొత్తగా నీరు జరగాలి. తేలే మంచు కరిగినా సముద్రమట్టం దాదాపు పెరగదు. నేల మంచు అలా కాదు, అది కరగనక్కర్లేదు కూడా, జారి సముద్రంలో పడి తేలితే చాలు, మట్టం ఆ క్షణమే పెరిగిపోతుంది. ఇది చాలామందికి తట్టని సంగతి.

మరి తేలే మంచు పోతే మనకేంటి అంటారా? తెల్లగా మంచు పరుచుకున్న సముద్రం మీద పడ్డ ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. మంచు లేని నల్లటి నీరు తొంభై శాతానికి పైగా వేడిని తాగేస్తుంది. నీరు వేడెక్కితే ఇంకా మంచు పోతుంది, ఇంకా నీరు బయటపడుతుంది. ఆర్కిటిక్, అంటే ఉత్తర ధ్రువ ప్రాంతం, మిగతా భూమికంటే మూడు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కడానికి ఇదొక పెద్ద కారణం.

అక్కడ ఏటా సెప్టెంబరులో మంచు అతి తక్కువగా ఉంటుంది, మార్చిలో అతి ఎక్కువగా. ఎవరైనా ఒక ఏడాది సెప్టెంబరును ఇంకో ఏడాది మార్చితో పోల్చి చూపిస్తే అది మోసమే. ఉపగ్రహాలతో వరసగా కొలవడం మొదలైన 1979 ప్రాంతంలో సెప్టెంబరు మంచు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి రెండింతలకు పైగా. 2012లో అది 34 లక్షలకు పడిపోయింది, ఇంచుమించు ఒక్క భారతదేశమంత. ఆ రికార్డు తర్వాత చాలా ఏళ్లు అలాగే నిలిచింది కాబట్టి కరగడం ఆగిపోయిందని కొందరంటారు. కానీ 2007 నుంచి 2024 దాకా ప్రతి సెప్టెంబరూ, 1979 నుంచి 2006 దాకా వచ్చిన ఏ సెప్టెంబరు కన్నా తక్కువే.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే చోట నీటి ఉష్ణోగ్రతలు, ఉప్పదనం కొలవడానికి 2014లో మన దేశం ఇండార్క్ అనే పరికరాల వరసను నీటి అడుగున దింపింది. దాన్ని తయారుచేసిన వాళ్లలో మన పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇంజనీర్లున్నారు. ఆ దారిన బస్సులో వెళ్లే మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు అంటార్కిటికా. 2014 చలికాలంలో దాని చుట్టూ తేలే మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. పెరిగిందన్న ఫార్వర్డులు కొన్ని అప్పటివే, తేదీ లేకుండా ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2016 నుంచి కథ మారింది. 2023 ఫిబ్రవరిలో, అంటే అక్కడి ఎండాకాలం చివర్లో, అది సుమారు 18 లక్షలకు దిగింది. అప్పటిదాకా కొలిచినవాటిలో అదే తక్కువ.

నేల మంచును విస్తీర్ణంతో కాదు, బరువుతో కొలవాలి. దానికోసం 2002లో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపారు. రెండూ ఒకదాని వెనక ఒకటి, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో 2017 దాకా తిరిగాయి, 2018లో వాటి చోట అలాంటి జంటనే మళ్లీ పంపారు. కింద బరువు ఎక్కువున్న చోట ముందుది కాస్త లాగబడుతుంది, ఆ ఎడంలో వచ్చే అతి చిన్న తేడాను బట్టి భూమి ఆకర్షణ ఎక్కడ తగ్గిందో, అంటే మంచు ఎక్కడ పోయిందో లెక్కకడతారు. నాకు ఇది వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ లెక్క ప్రకారం గ్రీన్‌లాండ్ సగటున ఏడాదికి సుమారు 27,000 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంది. 36,000 కోట్ల టన్నులు పోతే ప్రపంచమంతటా సముద్రం ఒక మిల్లీమీటరు లేస్తుంది.

అంటార్కిటికా కూడా మొత్తం మీద పోగొట్టుకుంటూనే ఉంది, కాని 2021 నుంచి 2023 మధ్య హిమపాతం బాగా ఎక్కువై దాని బరువు కొంత పెరిగింది. తేలే మంచు రికార్డు స్థాయికి పడిపోయిందీ, నేల మంచు పెరిగిందీ ఒకే కాలంలో, అదీ అసలు సంగతి. ఆ హిమపాతం చల్లదనానికి గుర్తు కూడా కాదు. తేమ మోసుకొచ్చే వెచ్చటి గాలి చొరబడితేనే అక్కడ అంత మంచు కురుస్తుంది. 2022 మార్చిలో తూర్పు అంటార్కిటికాలో కొన్నిచోట్ల ఉష్ణోగ్రత మామూలు కంటే దాదాపు 40 డిగ్రీలు ఎక్కువైంది.

గ్రీన్‌లాండ్ అంత దూరంలో ఉంది, మనకేం అనుకోకండి. అంత బరువున్న మంచు తన చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి నీరు దూరానికి జరుగుతుంది. అందుకే గ్రీన్‌లాండ్ దగ్గర మట్టం తగ్గుతుంది, మనలాంటి దూరపు తీరాల్లో సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నైని ముంచిన వరదకు కారణం వానే, ధ్రువాల మంచు కాదు. కాని అడయారు, కూవం నదుల నీళ్లు ఎంత త్వరగా సముద్రంలోకి దిగుతాయన్నది ఆ పూట సముద్రం ఎంత ఎత్తున ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. 1993 నుంచి ఇప్పటికి ప్రపంచ సగటు మట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది, పెరిగే వేగం అప్పటితో పోలిస్తే రెట్టింపైంది. ఎన్నూరు, పులికాట్ లాంటి పల్లపు తీరాల్లో కొత్తగా ఏం కట్టాలన్నా ఈ లెక్క ముందు వేసుకునే కట్టాలి.