ఉన్నచోటే నిలిచిపోయే ఎలక్ట్రాన్లు

శ్రోతలందరికీ నమస్కారం.

వనేడియం డయాక్సైడ్ అని ఒక పదార్థం ఉంది. మామూలు గది వేడిలో దాని గుండా కరెంటు సరిగా పోదు. దాదాపు 68 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటించామంటే ఒక్కసారిగా లోహంలా మారిపోతుంది. చల్లారితే మళ్లీ బంధకమే. స్ఫటికం మంచిదైతే, ఆ కొద్ది డిగ్రీల తేడాకే దాని నిరోధం సుమారు లక్ష రెట్లు మారుతుంది. 1959లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మోరిన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి ప్రకటించాడు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ఈ మార్పులో ఒక్క ఎలక్ట్రాన్ కూడా బయటి నుంచి రాలేదు, బయటికి పోలేదు. వేడిలో పరుగెత్తినవీ, చల్లారాక ఆగిపోయినవీ అవే ఎలక్ట్రాన్లు. మరి వాటిని ఆపిందెవరు?

లోహంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి, బంధకంలో ఉండవు అని బడిలో చదువుకున్నాం. దాని వెనకున్న సిద్ధాంతం 1928లో ఫెలిక్స్ బ్లాఖ్‌తో మొదలై, 1931లో అలన్ విల్సన్ చేతిలో ఒక రూపానికి వచ్చింది. స్ఫటికంలో ఎలక్ట్రాన్ ఒక అలలా అంతటా పరుచుకుని ఉంటుంది. దానికి కొన్ని శక్తి పట్టీలలోనే, అంటే కొన్ని శక్తి శ్రేణుల్లోనే, చోటు ఉంటుంది. పట్టీ పూర్తిగా నిండిపోతే కదలడానికి వీలుండదు, అది బంధకం. సగం ఖాళీగా ఉంటే లోహం. ఈ లెక్క రాగికి సరిపోయింది, వజ్రానికీ సరిపోయింది.

నికెల్ ఆక్సైడ్ దగ్గర మాత్రం తప్పింది. లెక్క ప్రకారం దాని పట్టీ పూర్తిగా నిండలేదు కాబట్టి అది లోహం కావాలి. తీరా చూస్తే అది పచ్చటి పొడి, మంచి బంధకం. 1937లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో జరిగిన సమావేశంలో డి బోర్, వెర్వే అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు ఈ చిక్కును అందరి ముందూ పెట్టారు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కదా, ఆ సంగతి మన లెక్కలో లేదు, కారణం అక్కడే ఉండొచ్చు అని రుడాల్ఫ్ పైయెర్ల్స్ సూచించాడు. అప్పుడు బ్రిస్టల్‌లోనే పనిచేస్తున్న నెవిల్ మాట్ ఆ మాటను వదిలిపెట్టలేదు. 1949లో దానికి స్పష్టమైన వివరణ రాశాడు. అందుకే ఇలాంటి పదార్థాలను ఇప్పుడు మాట్ బంధకాలు అంటున్నారు.

ఆ వివరణ ఇది. పెళ్లి పంక్తిలో ఆకుకొకరు చొప్పున కూర్చున్నారనుకుందాం. ఎవరైనా పక్కకు జరగాలంటే ఒకే ఆకు ముందు ఇద్దరు ఇరుక్కోవాలి. ఎవరూ ఒప్పుకోరు కాబట్టి పంక్తి మొత్తం కదలకుండా ఉండిపోతుంది. పరమాణువుకొక ఎలక్ట్రాన్ ఉన్న స్ఫటికంలోనూ ఇంతే. పక్క పరమాణువు మీదికి దూకితే అక్కడ ఇద్దరవుతారు, వికర్షణ వల్ల శక్తి ఖర్చవుతుంది. మరోపక్క, అలలా పరుచుకుంటే ఎలక్ట్రాన్‌కు శక్తి కలిసొస్తుంది. పరమాణువులు దగ్గరగా ఉంటే ఆ లాభం ఎక్కువ, కాబట్టి లోహం. దూరమైతే వికర్షణదే పైచేయి, కాబట్టి బంధకం.

ఈ సరిహద్దుకు చేరుతున్నప్పుడు ఎలక్ట్రాన్ నడవడిక ఎలా మారుతుందన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. లోహం వైపు నుంచి సరిహద్దును సమీపించే కొద్దీ అది బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది. దాని సొంత ద్రవ్యరాశి మారదు. చుట్టూ ఉన్నవాటిని తప్పించుకుంటూ పోవాలి కాబట్టి కదలిక మందగిస్తుంది. సరిహద్దు దాటాక ఉన్నచోటే నిలిచిపోతుంది. అయినా దాని స్పిన్, అంటే అయస్కాంత గుణం, పోదు. నికెల్ ఆక్సైడ్‌లో దాదాపు 250 డిగ్రీల వేడి వరకూ ఈ స్పిన్‌లు ఒకటి పైకి, ఒకటి కిందికి వరుసగా అమరి ఉంటాయి. ఎలక్ట్రాన్ కదలకపోయినా, ఆ స్పిన్‌ల వరుసలో మాత్రం అలలు ప్రయాణిస్తూనే ఉంటాయి.

వనేడియం డయాక్సైడ్ కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. చల్లారినప్పుడు వనేడియం పరమాణువులు రెండేసి జతకడతాయి. ఎలక్ట్రాన్లను కట్టేసింది ఆ జతలా, వికర్షణా అని దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. రెండూ కలిసే పనిచేస్తున్నాయన్నదే నాకు సబబుగా అనిపిస్తుంది. 2007లో సూక్ష్మంగా పరిశీలించినప్పుడు మార్పు మొత్తం స్ఫటికంలో ఒకేసారి రాలేదు. బంధకం మధ్యలో నానోమీటర్ల కొలతలో చిన్న చిన్న లోహపు మడుగులు మొదట పుట్టాయి. వాటిలోని ఎలక్ట్రాన్లు బాగా బరువెక్కి ఉన్నాయి. 2017లో ఇంకో సంగతి బయటపడింది. లోహంగా ఉన్నప్పుడు కూడా దీని ఎలక్ట్రాన్లు, అవి మోసే కరెంటుకు తగ్గ వేడిలో దాదాపు పదో వంతే మోస్తున్నాయి. మామూలు లోహాల్లో ఈ రెండూ కలిసే నడుస్తాయి.

ఈ పదార్థంతో కిటికీ అద్దాలకు పూత వేయాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఎండ పెరిగినప్పుడు పూత లోహంగా మారి, వెలుతురును లోపలికి రానిస్తూనే వేడిని తెచ్చే పరారుణ కిరణాలను అడ్డుకుంటుంది. 68 డిగ్రీలు మన ఇళ్లకు చాలా ఎక్కువ. కొద్దిగా టంగ్‌స్టన్ కలిపితే ఆ హద్దు గది వేడి దగ్గరికి దిగుతుంది.

ఇప్పుడు మళ్లీ ఆ పంక్తిలో కొందరిని లేపేయండి. ఖాళీ ఆకులు వచ్చాయి కాబట్టి మిగతావాళ్లు జరగగలరు. లాంథనం కాపర్ ఆక్సైడ్ ఒక మాట్ బంధకం. అందులో కొంత లాంథనం తీసి బేరియం పెడితే ఇలాంటి ఖాళీలు ఏర్పడతాయి. 1986లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నార్జ్, మ్యుల్లర్ అలాంటి పదార్థాన్నే చల్లబరిచి చూశారు. సున్నాకు 240 డిగ్రీల దిగువన, నిరోధమే లేని అతివాహకత్వం మొదలైంది. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఒకదాన్నొకటి అంతగా అడ్డుకునే ఎలక్ట్రాన్లు, ఈ పదార్థాల్లో జతలు జతలుగా ఎలా కలిసి నడుస్తున్నాయన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే సమాధానం ఇంకా రాలేదు.